బడి పాఠంలో రైతెవరు?

రైతు బొమ్మ గీయమంటే మన పిల్లల్లో చాలామంది ఏం గీస్తారు? తలపాగా చుట్టుకుని, భుజాన నాగలి పెట్టుకున్న మగమనిషిని. నడుం వంగిపోయేలా నాట్లు వేసి, కలుపు తీసి, పత్తి ఏరే అమ్మ ఆ బొమ్మలో ఉండదు. కౌలు రైతు, వ్యవసాయ కూలీ, మేకల కాపరి, పోడు చేసుకునే గిరిజనుడు కూడా ఉండరు.

ఇది బొమ్మతో పోయే విషయం కాదు. వీరందరూ రైతులేనని 2007 జాతీయ రైతు విధానం స్పష్టంగా చెప్పింది. అయినా పథకాలు పట్టా చుట్టూనే తిరుగుతున్నాయి. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు కౌలు రైతుకు అందలేదు. పీఎం కిసాన్ సాయమూ భూమి ఎవరి పేరున ఉంటే వారికే. మహిళా రైతుల హక్కుల కోసం స్వామినాథన్ 2012లో రాజ్యసభలో పెట్టిన ప్రైవేటు బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది. పాఠంలో కనిపించని మనిషి జీవోలోనూ కనిపించడు.

రాజ్యాంగ పీఠికను పిల్లలు బట్టీ పడుతున్నారు. మంచిదే. కానీ సామాజిక న్యాయం అర్థం కావాలంటే పాఠం ఊళ్లోకి రావాలి. మన ఊళ్లో ఎవరికెంత భూమి ఉంది, పాసు పుస్తకాల్లో ఆడవాళ్ల పేర్లు ఎన్ని, ఒకే చేలో ఒకే పనికి ఆడవారికి, మగవారికి ఇచ్చే కూలి ఎంత అని పిల్లలు కనుక్కోవాలి. సమాన పనికి సమాన వేతనం అంటూ 1976లోనే చట్టం వచ్చిందని టీచరు చెప్పాలి. లెక్కలు, సాంఘిక శాస్త్రం రెండూ అందులోనే వస్తాయి.

'కులాల గొడవ బడిలోకి ఎందుకు?' అని కొందరు అడుగుతారు. అది బడి గేటు దగ్గర ఆగిందెప్పుడు? దళిత మహిళ వండిందని మధ్యాహ్న భోజనం మానిపించిన ఘటనలు ఈ దేశంలో జరిగాయి. అంటరానితనం నేరమని 17వ అధికరణం చదివిన పిల్ల, సాయంత్రం చేనుకెళ్తే కూలీలకు వేరే గ్లాసు పెట్టడం చూస్తే ఏ పాఠాన్ని నమ్ముతుంది? ఈ ప్రశ్న సొంత భూమి ఉన్న మన సభ్యులకే. గిట్టుబాటు ధర అడిగే మనం, మన చేలో పనిచేసేవారికి గిట్టే కూలి, గౌరవం ఇస్తున్నామా?

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యను బట్టి చోటివ్వాలి. మన గ్రామ శాఖలు ఈ నెలలోనే బడికి వెళ్లి, ఆ కమిటీలో ఎవరున్నారో చూడాలి. కౌలు రైతు భార్య, కూలీ తల్లి అందులో కూర్చుని మాట్లాడేలా అండగా నిలవాలి. మన చేలల్లో రెండో గ్లాసు తీసేయడం మాత్రం ఈ రోజే చేయవచ్చు. దానికి ఏ కమిటీ తీర్మానమూ అక్కర్లేదు.