ఉస్తాద్ చెవి

ఇల్మ్ అంటే కితాబు మాత్రమే అనే ఖయాల్ మన ఇళ్లల్లో బాగా పాతుకుపోయింది. చదువు అబ్బని పిల్లాణ్ణి "మెకానిక్ షెడ్డులో పడేయండి" అంటారు. పడేయడమట! అక్కడ జరిగేది తాలీమ్ కానట్టు.

ఆ మాట మీద నాకు ఎప్పటినుంచో కోపం. ఆర్నెల్లుగా మా భాంజాతో కలిసి ఇంటి వెనక రేకుల కింద బుల్లి పెట్రోల్ ఇంజన్ తయారుచేస్తుంటే అది ఇంకా పెరిగింది. బోరు 25 మిల్లీమీటర్లు, స్ట్రోకు 25. లెక్కేస్తే 12 సీసీకి కాస్త పైన. మావాడు ఇంటర్. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టే తిరగాలని, అందుకే క్యామ్ గేరుకు రెట్టింపు పళ్లుంటాయని పరీక్షలో చక్కగా రాయగలడు. కానీ అన్నీ బిగించి ఫ్లైవీల్ తిప్పితే ఇంజన్‌లో దమ్ము లేదు. కంప్రెషన్ ఎక్కడో పోతోంది.

ఆటోనగర్‌లో లేత్ మిషన్ నడిపే పెద్దాయన్ని మేం చాచా అంటాం. బడి ఆరో తరగతితోనే ఆగింది. ఆయన వాల్వు మూసి, పోర్టులో కాస్త కిరోసిన్ పోసి చూశారు. ఎగ్జాస్ట్ వాల్వు అంచున చెమ్మ. "సీటు కూర్చోలేదు బేటా" అని గ్రైండింగ్ పేస్టు రాసి, వాల్వు చుట్టూ సన్నటి బూడిదరంగు గీత ఎక్కడా తెగకుండా వచ్చేదాకా మావాడితోనే రుద్దించారు. ఆ తర్వాత ఫ్లైవీల్ తిప్పితే చేతిని వెనక్కి తోసింది.

అసలు సబర్ పరీక్ష ట్యూనింగ్‌లో. స్పార్కు మరీ ముందు పడితే ఇంజన్ ఎదురు తంతుంది, ఆలస్యమైతే జోరు లేక ఊరికే వేడెక్కుతుంది. ప్లగ్గు విప్పితే నల్లటి మసి ఉందంటే పెట్రోలు ఎక్కువైనట్టు. సూది బిగిస్తే కార్బురేటర్ తుమ్ముతుంది, అంటే తక్కువైంది. పావు చుట్టు తిప్పడం, వినడం, మళ్లీ తిప్పడం. (ఇదంతా ఆరుబయటే చేయాలి. మూసిన గదిలో ఆ పొగ ప్రాణం తీస్తుంది.) మేం ప్లగ్గు విప్పకముందే చాచా ఆవాజ్ విని సంగతి చెప్పేసేవారు. ఆ చెవికి ఏ యూనివర్సిటీ సనద్ ఇస్తుంది?

మన తఖ్రీర్లలో అల్ జజరీ పేరు ఫఖర్‌గా చెప్పుకుంటాం. 1206లో ఆయన పూర్తిచేసిన కితాబులో రెండు పిస్టన్లతో నీళ్లు తోడే యంత్రం ఉంది. నిజమే, మాషాఅల్లాహ్. మరి ఆయనా చేతులతో పనిచేసిన కారీగరే కదా! ఈ రోజు ఆయన రిష్తాకు వస్తే "అబ్బాయి మెకానిక్కా?" అని చాయ్ తాగించి పంపేస్తాం.

బడి మాన్పించి షెడ్డుకు పంపమని నేననడం లేదు. పసివాళ్లతో స్పానర్ పట్టించి చదువు లాక్కోవడం జుల్మ్. డిగ్రీ చదివేవాడికీ హునర్ కావాలి, హునర్ ఉన్నవాడికీ ఇజ్జత్ కావాలి అంటున్నాను.

మా మహల్లా కమిటీ ఏటా పదో తరగతిలో మంచి మార్కులు వచ్చిన పిల్లలకు షాల్ కప్పుతుంది. ఈసారి చాచాకూ ఒకటి కప్పమని అడిగాను. "చూద్దాం భాయ్" అన్నారు. రంజాన్ తర్వాత మళ్లీ అడుగుతాను.