కాలువ ఆగేలోగా బోర్లు పరీక్షించండి

తుంగభద్ర కాలువలకు నీళ్లు ఆపేసిన కొన్నాళ్లకే బళ్లారి సరిహద్దు పల్లెలు మళ్లీ బోర్ల మీద పడతాయి. ఏటా జరిగేదే కదా అని ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోరు. పట్టించుకోవాల్సిన సమయం వచ్చింది. మన కాళ్ల కింద ఉన్నది ఫ్లోరైడు వదిలే గ్రానైటు రాయి. అధిక ఫ్లోరైడు జిల్లాలుగా కేంద్ర భూగర్భ జల బోర్డు గుర్తించిన వాటిలో బళ్లారి ఉంది. పక్కనున్న కొప్పళ, రాయచూరు, చిత్రదుర్గ కూడా ఉన్నాయి. మీ ఊళ్లో ఏ బోరు తాగడానికి పనికొస్తుందో, ఏది పనికిరాదో కాలువ పారుతుండగానే తేల్చుకోండి. ఎండలు ముదిరి బిందెలు వరుస కట్టాక తేల్చుకునే ఓపిక ఎవరికీ ఉండదు.

ఈ మాట ఇప్పుడే చెప్పాల్సి రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. అమెరికాలో ఫ్లోరైడు మీద నడుస్తున్న వాదం వీడియోల రూపంలో మన ఫోన్లలోకి వచ్చేసింది. పళ్లు పుచ్చిపోకుండా ఉండాలని 1945 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ ర్యాపిడ్స్ పట్టణం తాగునీటిలో ఫ్లోరైడు కలపడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆ దేశంలో చాలా ఊళ్లు అదే దారి పట్టాయి. ఇప్పుడు అక్కడ కలిపే మోతాదు లీటరుకు 0.7 మిల్లీగ్రాములు. ఆ కొంచెమైనా పిల్లలకు మంచిదేనా అని కోర్టుల దాకా వెళ్లారు. 2025లో యూటా, ఫ్లోరిడా రాష్ట్రాలు కలపడాన్నే నిషేధించాయి.

ఆ వీడియోలు చూసి మనవాళ్లు రెండు రకాలుగా పొరబడుతున్నారు. అమెరికావాళ్లే కావాలని కలుపుకుని తాగుతుంటే మన బోరులో ఉన్న కాస్తా ఏం చేస్తుందిలే అని కొందరు ధీమాగా ఉన్నారు. కుళాయి నీళ్లలో ఫ్లోరైడు కలిపి మనకూ పోస్తున్నారు, దానికంటే మన బోరే నయం అని మరికొందరు అంటున్నారు. ఈ రెండోది మరీ ప్రమాదం. మన దేశంలో ప్రజలకిచ్చే నీళ్లలో ఫ్లోరైడు ఎక్కడా కలపరు. మునిసిపాలిటీ, పంచాయతీ కలిపేది క్లోరిన్ లేదా బ్లీచింగ్ పౌడరు, అదీ క్రిములు చావడానికి. ఆ వాసన పడక కుళాయి మానేసి బోరుకు వెళ్లేవాళ్లు లేని ఫ్లోరైడుకు భయపడి ఉన్న ఫ్లోరైడును ఇంటికి తెచ్చుకుంటున్నారు.

అమెరికా గొడవలో మనం తీసుకోవాల్సిన అంకె ఒకటుంది. అక్కడి జాతీయ టాక్సికాలజీ కార్యక్రమం 2024 ఆగస్టులో ఒక నివేదిక ఇచ్చింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు నీళ్లు తాగే చోట పిల్లల తెలివితేటల కొలత తక్కువగా ఉంటోందని, ఈ మాట ఒక మోస్తరు నమ్మకంతో చెప్పగలమని అందులో రాసింది. 0.7 దగ్గర ఏమవుతుందో తేల్చడానికి ఆధారాలు చాలలేదని కూడా అదే నివేదిక ఒప్పుకుంది. అది చూసిన అధ్యయనాలు చైనా, భారత్, ఇరాన్, మెక్సికో, కెనడా లాంటి దేశాలవి. అంటే కలిపే మోతాదు మీద అమెరికాలో వాదం ఇంకా తెగలేదు. 1.5 దాటిన నీళ్ల విషయంలో మాత్రం వాదానికి పెద్దగా చోటు లేదు. మన బోరు నీళ్లు ఆ రెండో లెక్కలోకి రావచ్చు.

మన అధికారుల నోట వినిపించేదీ ఈ 1.5 అంకే. అంతవరకు అనుమతి ఉంది కదా అంటారు. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటికి పెట్టిన ప్రమాణాన్ని, అంటే ఐఎస్ 10500ను, పూర్తిగా చదివితే కథ వేరు. అందులో ఆమోదయోగ్యమైన హద్దు 1.0. మరో నీటి వనరు లేనప్పుడు మాత్రమే 1.5 దాకా సర్దుకోవచ్చు. ఎగువ కాలువ, దిగువ కాలువ పక్కనే పారే ఊళ్లో మరో వనరు లేదని ఏ ఇంజనీరు సంతకం పెట్టగలడు? సిరుగుప్ప, కురుగోడు, బళ్లారి తాలూకాల్లోని కాలువ కింది ఊళ్లకు 1.5 వర్తించదు. అక్కడి చెరువులను వేసవికి చాలినంత నింపి ఉంచడం ప్రభుత్వం పని, ఆ పని జరగనందుకు 1.5ను అడ్డం పెట్టుకోవడం తప్పు.

పైగా ఆ 1.5 మన ఎండను చూసి పెట్టిన అంకె కాదు. ఏప్రిల్, మే నెలల్లో బళ్లారిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మిరప కోతకు వెళ్లిన మనిషి పొద్దుగూకేలోగా ఐదు లీటర్లు తాగడం వింతేమీ కాదు. 1.5 ఉన్న నీళ్లు ఐదు లీటర్లు తాగితే ఒంట్లోకి వెళ్లేది ఏడున్నర మిల్లీగ్రాములు. అన్నం, పప్పు అదే నీళ్లతో వండితే ఆ లెక్క ఇంకా పెరుగుతుంది. అన్ని దారుల్లో కలిపి రోజుకు 6 మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు ముప్పు పెరుగుతుందనడానికి సూచనలున్నాయని, 14 చేరితే ముప్పు స్పష్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2002లోనే రాశారు. 3 మిల్లీగ్రాముల బోరు నీళ్లు ఐదు లీటర్లు తాగితే 15 అవుతుంది. వేడి ప్రాంతాల వాళ్లు ఎక్కువ నీళ్లు తాగుతారని అమెరికావాళ్లే 1962లో తమ ప్రమాణాన్ని ఊరి ఎండను బట్టి 0.7 నుంచి 1.2 వరకు మార్చి పెట్టుకున్నారు. మన లెక్కలో ఎండకు చోటే లేదు.

అన్నిటికంటే కష్టమైన సంగతి, ఈ నీళ్లను నాలుక పట్టుకోలేదు. ఉప్పునీళ్లు చెడ్డవి, తియ్యనీళ్లు మంచివి అనేది తరాల నాటి అలవాటు. ఫ్లోరైడుకు రుచి లేదు, రంగు లేదు, వాసన లేదు. సున్నం తక్కువగా, సోడా గుణం ఎక్కువగా ఉన్న నీళ్లలోకి రాతిలోని ఫ్లోరైడు తేలిగ్గా దిగుతుంది. అలాంటి నీళ్లలో సబ్బు బాగా నురగొస్తుంది, కందిపప్పు తొందరగా ఉడుకుతుంది. ఊరంతా మెచ్చుకుని వరుస కట్టే బోరే ముందుగా పరీక్షించాల్సిన బోరు కావచ్చు. నీళ్లు ఎంత ఎక్కువ కాలం రాతిని అంటిపెట్టుకుని ఉంటే అంత ఎక్కువ ఫ్లోరైడును కరిగించుకుంటాయి, కాబట్టి ఎండిన బోరును ఇంకా లోతుకు దించినప్పుడల్లా కొత్తగా పరీక్ష చేయించాలి. మరగబెడితే ఫ్లోరైడు పోదు. నీళ్లు ఆవిరై తగ్గిపోతాయి కనుక మిగిలిన దాంట్లో ఇంకాస్త చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు వల్లా, గుడ్డతో వడకట్టడం వల్లా ఫలితం లేదు.

ఫ్లోరైడు నీళ్లు తెచ్చే ఫ్లోరోసిస్ జబ్బు తెలుగు నేలకు కొత్తది కాదు. ఫ్లోరోసిస్ మన దేశంలో వైద్య పత్రికకెక్కింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా నుంచి. ఆ రోజుల్లో నెల్లూరూ బళ్లారీ ఒకే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. 1973లో నల్లగొండ పల్లెల్లో ఎదిగే వయసు పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో రాశారు. నాగార్జునసాగర్ వచ్చాక నేల కింది నీటిమట్టం పెరిగి లవణాల తీరు మారడమూ ఒక కారణమేమోనని అప్పట్లో పరిశోధకులు అనుమానించారు. కాలువ కింద పొలం ఉన్న ప్రతి బళ్లారి రైతూ ఇది గుర్తుపెట్టుకోవాలి. పొలానికి పారేది కాలువ నీరే అయినా గట్టు మీది బోరులోంచి వచ్చేది కాలువ నీరు కాదు. ఫ్లోరోసిస్ బారిన పడిన నల్లగొండ బిడ్డ అంశల స్వామిని ప్రధాని వాజపేయి టేబుల్ మీద పడుకోబెట్టి చూపిస్తే తప్ప ఢిల్లీకి ఆ బాధ తెలియలేదు. ఆయన 2023 జనవరిలో కన్నుమూశారు. ఇంటింటికీ నది నీళ్లు రావడానికి నల్లగొండకు కొన్ని తరాలు పట్టింది. తుంగభద్ర పక్కనే ఉన్న మనకు అంత కాలం పట్టకూడదు.

మీ ఇంటి పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని వెలుతురులో పై వరుస ముందు పళ్లు చూడండి. పాచి అయితే చిగురు దగ్గర పేరుకుంటుంది, తోమితే పోతుంది. ఫ్లోరోసిస్ అలా కాదు. మెరుపు పోయి సుద్దముక్కలా తెల్లని మచ్చలు వస్తాయి, తర్వాత పంటికి అడ్డంగా పసుపు, గోధుమ రంగు చారలు పడతాయి. ఎడమ పంటి మీద ఎలా ఉంటుందో కుడి పంటి మీదా అలాగే జంటగా ఉంటుంది. తోమినా గీకినా పోదు, ఎందుకంటే పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడే మచ్చ కూడా తయారైంది. ఎనిమిదేళ్ల లోపు తాగిన నీళ్లే దీన్ని నిర్ణయిస్తాయి. బడిలో ఒక తరగతిలో నలుగురైదుగురు పిల్లలకు ఇలా కనిపిస్తే ఆ ఊరి నీళ్లను అనుమానించడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. పెద్దవాళ్లకూ చిన్న పరీక్షలున్నాయి. గడ్డం ఛాతీకి తగులుతుందా, మోకాళ్లు వంచకుండా నేల మీది రూపాయి బిళ్ల తీయగలరా, చేతులు రెండూ చాచి, మడిచి తల వెనక ఆనించగలరా చూడండి. ఇవి చేయలేని వాళ్లందరికీ ఫ్లోరోసిసే అనలేం, కానీ ఆసుపత్రికి వెళ్లినప్పుడు మేం ఫలానా బోరు నీళ్లు తాగుతామని చెప్పడం మరవకండి. వయసు నొప్పులని మాత్రలు మింగుతూ అదే నీళ్లు తాగడం వల్ల నష్టమే తప్ప లాభం లేదు. ఎముకలు బిగుసుకుపోయాక మందు లేదు. మొదట్లోనే నీళ్లు మార్చుకుని మంచి తిండి తింటే మాత్రం చాలామంది కోలుకుంటారు.

శుద్ధ నీటి ఘటకాల (ఆర్‌ఓ ప్లాంట్ల) మీద మనకున్న నమ్మకం కూడా పరీక్షకు నిలవాలి. ఐదు రూపాయల బిళ్ల వేస్తే క్యాను నిండుతుంది, నీళ్లు తేటగా ఉంటాయి. లోపలి మెంబ్రేన్ పాడైపోయినా నీళ్లు తేటగానే ఉంటాయి. యంత్రం అమ్మేవాళ్లు చేతిలోని టీడీఎస్ మీటరు చూపించి సంతృప్తి పరుస్తారు. ఆ మీటరు కొలిచేది మొత్తం లవణాలను, ఫ్లోరైడును విడిగా అది చూపలేదు. ఇంకో పైపు సంగతీ ఉంది. వదిలేసిన నీళ్లు బయటికి పోయే పైపు అది. శుద్ధి చేసిన నీళ్లలోంచి తీసేసిన ఫ్లోరైడంతా అందులోకే చేరుతుంది. కొన్నిచోట్ల అది నేరుగా పశువుల తొట్టిలోకి పోతోంది. గేదె పళ్లూ ఎముకలూ కూడా ఫ్లోరైడుకు పాడవుతాయి. ఆ పైపును తొట్టి నుంచి ఈరోజే తప్పించండి.

ఇంట్లో చేసుకోగలిగినవి కొన్నే ఉన్నాయి. పాలు, రాగులు, నువ్వులు, ఆకుకూరలు, ఉసిరి, జామ ఎముకకు బలమిస్తాయి. చింతపండు తిన్న పిల్లల ఒంట్లోంచి ఫ్లోరైడు మూత్రంలో ఎక్కువగా పోయిందని పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో రాశారు. అది మంచి వార్తే అయినా చెడ్డ నీళ్లకు చింతపండు విరుగుడు కాదు. ఫ్లోరైడు ఉన్న ఊళ్లో చిన్నపిల్లలు పేస్టు మింగకుండా చూడండి. వాన నీళ్లలో ఫ్లోరైడు దాదాపు ఉండదు, కాబట్టి మిద్దె మీది నీళ్లు శుభ్రంగా పట్టుకోగలిగినవాళ్లు పట్టుకోండి. మంచినీళ్లు కొద్దిగానే దొరికే రోజుల్లో అవి ముందు గర్భిణులకు, చంటిబిడ్డల తల్లులకు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, ఆ తర్వాత వంటకు. స్నానానికి, బట్టలకు బోరు నీళ్లు చాలు, చర్మం గుండా ఫ్లోరైడు ఒంట్లోకి ఎక్కదు.

మిగతాది పంచాయతీ చేయాలి. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్టు వాడటం నేర్పాలని నిబంధన ఉంది. చిన్న గొట్టంలో నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే ఫ్లోరైడు పెరిగేకొద్దీ రంగు గులాబీ నుంచి పసుపుకు తిరుగుతుంది, దాన్ని పక్కనున్న అట్ట మీది రంగులతో పోల్చుకోవాలి. కొద్ది నిమిషాల పని. అనుమానం వచ్చిన ప్రతి బోరు నీళ్లనూ జిల్లా ల్యాబుకు పంపి అంకె తెప్పించాలి. ఆ అంకెను, పరీక్ష చేసిన తేదీని బోరు పక్క గోడ మీద కన్నడంలోనూ తెలుగులోనూ పెయింటుతో రాయించాలి. అంగన్‌వాడీలో, బడి మధ్యాహ్న భోజనం (బిసియూట) వంటగదిలో వాడే నీళ్లతో ఈ పని మొదలుపెట్టాలి.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మనమంతా పంట గురించి వణికాం. తాగునీటి మాట తర్వాత వచ్చింది. కట్టినప్పుడు 130 టీఎంసీలు దాటి ఉన్న జలాశయంలో పూడిక పేరుకుని ఇప్పుడు పట్టేది 105 టీఎంసీల చిల్లరే. వచ్చే ఏళ్లలో కాలువ ముందుగా ఆగిపోయే రోజులు పెరుగుతాయే తప్ప తగ్గవు. అందుకే చివరి తడి పంటకు వదిలే ముందే తాగునీటి చెరువు నింపి దానికి కాపలా పెట్టాలి.

చెరువూ అడుగంటితే దిక్కు ట్యాంకరే. ట్యాంకర్లకు సరిహద్దు లేదు. అవతల డి.హీరేహాళ్, బొమ్మనహాళ్, హొళగుంద వైపున్న నీళ్లు ఇటు రావచ్చు, ఇటువి అటు పోవచ్చు. బళ్లారి, అనంతపురం, కర్నూలు జిల్లాల అధికారులు తమ తమ బోర్ల ఫ్లోరైడు జాబితాలు ఒకరికొకరు ఇచ్చుకోవాలి. అవి మీ చేతికి వచ్చేదాకా బండి ఆగగానే డ్రైవరును అడగండి. నీళ్లు ఏ బోరువి, పరీక్ష ఎప్పుడు చేశారు, ఫ్లోరైడు ఎంత వచ్చింది? చెప్పలేకపోతే ఆ నీళ్లు వాడకానికి పట్టుకోండి, తాగే బిందెలో పోయకండి.