ఆ కణాల సాక్ష్యాన్ని తోసిపుచ్చలేం

సంపాదకులకు,

ఆహారంలోని ఇనుము ఒంటికి ఎంత పడుతుందో తేల్చేందుకు క్యాన్సర్ కణాలపై చేసిన పరీక్ష అన్నం తినే మనిషికి వర్తించదని గత సంచిక వ్యాసం కొట్టిపారేయడం తొందరపాటు.

ఆ పరీక్షలో వాడే కాకో-2 కణాలు పెద్దపేగు క్యాన్సర్ నుంచి వచ్చినవే. కానీ సుమారు 21 రోజులు పెంచితే అవి ఒకే వరుసలో అల్లుకుని చిన్నపేగు లోపలి పొరను పోలి ఉంటాయి. ఆహారాన్ని ముందుగా ఎంజైములతో జీర్ణం చేసి వాటికి అందిస్తారు. ఇనుము లోపలికి చేరితే కణాల్లో దాన్ని నిల్వచేసే ఫెర్రిటిన్ అనే ప్రోటీన్ పెరుగుతుంది. అమెరికాలో రేమండ్ గ్లాన్ బృందం 1998లో ప్రకటించిన పద్ధతి ఇది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా ఇనుము పరిశోధనలో ఈ కణాలను వాడింది. విటమిన్ సి ఇనుముకు తోడ్పడటం, టీలోని పాలీఫినాల్స్ అడ్డుపడటం మనుషుల్లో లాగే వీటిలోనూ కనిపించాయి.

లోట్లూ ఉన్నాయి. ఈ కణాలకు జిగురు పొర ఉండదు, పేగులోని సూక్ష్మజీవులు ఉండవు, ఇనుము శోషణను నియంత్రించేందుకు కాలేయం పంపే హెప్సిడిన్ అనే హార్మోన్ అదుపూ ఉండదు. అందుకే ఆహార డబ్బాపై ఆరోగ్య ప్రకటనకు ఈ ఒక్క పరీక్ష చాలదు. పప్పు రకాలు అనేకం ఉన్నప్పుడు, మనుషులపై ముందు వేటిని పరీక్షించాలో తేల్చుకోవడానికి మాత్రం ఇది నిజంగా పనికొస్తుంది.

— ఒక పాఠకురాలు