తొలి గంటలు ఇంటివాళ్లవే

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, మేడల మీద చిక్కుకున్నవారికి డ్రోన్లతో అన్నం పొట్లాలు అందించాల్సి వచ్చింది. చుట్టూ నీళ్లే, తాగడానికి గుక్కెడు లేవు. సహాయ బృందాలు ఎంత శ్రమించినా అందరి దగ్గరికీ ఒకేసారి చేరలేవు. అవి వచ్చేదాకా ఇంటివాళ్లే జాగ్రత్త పడాలి. కరెంటు మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి. వరద నీరు గడప దాటకముందే, పొడి చేత్తో దాన్ని ఆపేయాలి. కలుషిత నీటి వల్ల విరేచనాలు పట్టుకుంటే, కాచి చల్లార్చిన లీటరు నీటిలో 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. కొలత తప్పి ఉప్పు ఎక్కువైతే పసివాళ్లకు ప్రమాదం. అందుకే చేసి చూపించాలి, కరపత్రాలు చాలవు. బడుల్లో, డ్వాక్రా సమావేశాల్లో ఏటా వానలకు ముందు ఒక పూట ఇందుకు కేటాయించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం.