బిడ్డను ముక్కలు చేసే శిక్షణ

2017 యేప్రిల్‌లో వికలాంగుల హక్కుల చట్టం అమలులోకి వచ్చింది. అదే సంవత్సరం జూన్‌లో సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కుకు శంకుస్థాపన జరిగింది. పార్కుకు భూమి దొరికింది, రోడ్డు దొరికింది. గుండెలో వేసే స్టెంట్లు అక్కడ తయారవుతున్నాయి. మంచిదే. స్టెంటు మీద మనకు కోపమేమీ లేదు. కాని ఆ చట్టం 17వ సెక్షన్ అడిగింది యే పార్కులోనూ తయారుకాదు. అది అడిగింది శిక్షణ పొందిన ఉపాధ్యాయుణ్ణి.

పటాన్‌చెరు ఫ్యాక్టరీలో షిఫ్టు చేసే కార్మికుడికి ఒక బిడ్డ వుందనుకోండి. వినపడదు, చూపు మసక, వేళ్లు వంగవు. ఈ బిడ్డకు పాఠం చెప్పేదెవరు?

సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో ఒకే ఆవరణలో రెండు కేంద్రప్రభుత్వ సంస్థలున్నాయి. ఒకటి మేధోవైకల్యం గలవారి కోసం 1984లో పెట్టింది. రెండోది వినికిడి కోసం. బొంబాయి అలీ యావర్ జంగ్ సంస్థకు ప్రాంతీయ కేంద్రం. శిక్షణ కూడా యిలాగే గదులు గదులుగా నడుస్తుంది. వినికిడి విభాగంలో ప్రత్యేక బి.ఎడ్. చదివేవాడికి 2015 నాటి పాఠ్యప్రణాళికలో బహువైకల్యం ఒక పరిచయ పత్రంలో భాగం మాత్రమే. దానికి వేరే సంస్థ లేదా అంటారు. వుంది, మద్రాసు దగ్గర ముట్టుకాడులో, 2005 నుంచీ. సుల్తాన్‌పూర్ తల్లి బిడ్డనెత్తుకుని ముట్టుకాడు పోవాలా, ఆ విద్యే మండలంలోని భవిత కేంద్రానికి రావాలా?

చెవిటితనం తెలిసినవాణ్ణొకణ్ణి, మెదడు పక్షవాతం తెలిసినవాణ్ణొకణ్ణి పంపితే సరిపోతుందనే పండితులున్నారు. ఇది కూడికలెక్క. చెవికి బదులు కన్ను అనేదే బధిరవిద్యకు పునాది. కన్నూ మసకైతే ఆ పునాదే కదిలిపోతుంది. సైగకు వేళ్లు కావాలి, వేళ్లు వంగకపోతే? అన్నానికి ముందు రోజూ అదే చెంచా, స్నానానికి ముందు అదే చెంబు బిడ్డ చేతికివ్వాలి. ఆ వస్తువే మాట అవుతుంది. బిడ్డ చెయ్యి పట్టి గుంజకూడదు. దాని కింద మన చెయ్యి వుంచి, అది కదిలేదాకా ఆగాలి. ఈ ఆగడం పత్రం రాస్తే రాదు. తెలిసినవాడి పక్కన నెలలకొద్దీ కూర్చుంటే వస్తుంది.

సోవియట్ జాగోర్స్క్‌లో 1963లో తెరిచిన బధిరాంధుల గృహంలో మెష్చెర్యకోవ్ మొదలుపెట్టింది కూడా చెంచాతోనే. మొదట ఉపాధ్యాయుడి చెయ్యి, బిడ్డ చెయ్యి కలిసి పనిచేస్తాయి. బిడ్డ చెయ్యి పుంజుకున్న కొద్దీ ఉపాధ్యాయుడి చెయ్యి తప్పుకుంటుంది. అక్కడి నలుగురు 1971లో మాస్కో విశ్వవిద్యాలయంలో చేరి, 1977లో పట్టాలు పుచ్చుకున్నారు. వాళ్లు పుట్టుకతో బధిరాంధులు కారని విమర్శ వుంది. ఉండనివ్వండి, పద్ధతి విలువ దానితో పోదు.

ఇక్కడ మనవాళ్లు పోస్టులు లెక్కిస్తున్నారు. ప్రాథమిక తరగతుల్లో పదిమందికొకరు, పైన పదిహేనుమందికొకరు అని కేంద్రప్రభుత్వం 2022లో చెప్పింది. 2024 డి.ఎస్.సి.లో తెలంగాణ ప్రభుత్వం 220 స్కూల్ అసిస్టెంటు, 796 ఎస్.జి.టి. ప్రత్యేక విద్య పోస్టులు ప్రకటించింది. పోరాడితే వచ్చాయి, కాదనను. కాని ఆ పదిమందిలో రెండు మూడు వైకల్యాలున్న బిడ్డ వుంటే, పోస్టులో చేరినవాడు యేం చెయ్యాలో ఆ అంకెలు చెప్పవు. మన ఉపాధ్యాయ సంఘాలూ అడగవు, వాటికి పి.ఆర్.సి. తర్వాతే యేదైనా.

మనోవికాస్‌నగర్‌లోని ఆ రెండు సంస్థలూ కలిసి, సంగారెడ్డి భవిత కేంద్రాల్లోనే, నిజమైన పిల్లల దగ్గరే, ఒక సంవత్సరం శిక్షణ నడపాలి. ఆ సంవత్సరం జీతం కొయ్యకూడదు. ఆ కేంద్రాల్లో కాంట్రాక్టు మీద నలుగుతున్న రిసోర్సు పర్సన్లను ముందు పంపాలి.