లాజిక్ వర్క్‌షాప్‌కి టికెట్ డబ్బులు ఎవరు పెట్టుకోవాలి?

లాజిక్‌కి ల్యాబ్ అక్కర్లేదు. జీపీయూలు, ఏసీ సర్వర్ రూమ్ అసలే అక్కర్లేదు. బోర్డు, చాక్‌పీస్, తెల్లకాగితాలు, ఓపికగా చెప్పే మనిషి ఉంటే చాలు. ఆ లెక్కన కంప్యూటర్ సైన్స్‌లో మనవాళ్ళతో ముందుగా నిండాల్సిన గది ఇదే. నేను వెళ్ళిన ఏ వర్క్‌షాప్‌లోనూ మనం ఒక బెంచీకి మించి లేము.

వర్క్‌షాప్ సీట్లకు రోస్టర్ ఉండదు. అది అడ్మిషన్ కాదు, ఉద్యోగమూ కాదు కదా అంటారు. కానీ ఇంత చిన్న రంగంలో ఎవరితో కలిసి పేపర్ రాస్తాం, రేపు రిఫరెన్స్ లెటర్ ఎవరిస్తారు అన్నవి చాలావరకు అక్కడి టీ విరామంలోనే తేలిపోతాయి.

నా పీహెచ్‌డీ రెండో ఏడాదిలో నేను, నా స్నేహితురాలు ఒక వింటర్ స్కూల్‌కి ఎంపికయ్యాం. రిజిస్ట్రేషన్ ఫీజు, రైలు టికెట్ ముందు మనమే పెట్టుకోవాలి, బిల్లులు ఇస్తే తర్వాత తిరిగి ఇస్తారు. అప్పటికి మా ఇద్దరికీ ఐదు నెలలుగా ఫెలోషిప్ పడలేదు. నేను అప్పు చేసి వెళ్ళాను. ఆ డబ్బు ఏడు నెలలకు తిరిగి వచ్చింది. తను వెళ్ళలేదు. రాలేకపోవడానికి కారణం అడిగితే ‘వ్యక్తిగతం’ అని రాసింది. నిర్వాహకుల లెక్కలో తను సీటు వృథా చేసిన మనిషి. ఇప్పుడు తను లాజిక్ చేయడం లేదు.

ఆ గదిలో ఎవరు కూర్చుంటారన్నది కేవలం మన కెరీర్ల సంగతి కాదు. తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే సాఫ్ట్‌వేర్ రకరకాల ప్రభుత్వ డేటాబేసులను కలిపి చూసి ఎవరు అనర్హులో గుర్తించింది. పేరు కలిసిందని, రిక్షా తొక్కి బతికిన మనిషి ఇంటికి కారుందని తేల్చిన సందర్భం కూడా ఉంది. రద్దైన 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ‘పేరు కలిసింది’ నుంచి ‘అదే మనిషి’కి వెళ్ళడం లాజిక్ మొదటి క్లాసులోనే కొట్టేసే తప్పు. రెండు డేటాబేసులు ఒకదాన్నొకటి కాదంటే యంత్రం ఏం చేయాలన్నదీ పాత ప్రశ్నే. నుయెల్ బెల్నాప్ 1977లో దీనికోసమే నాలుగు విలువల లాజిక్‌ను ప్రతిపాదించాడు: నిజం, అబద్ధం, రెండూ, రెండూ కాదు. నాగార్జునుడి చతుష్కోటి చదివినవాళ్ళకు ఈ నాలుగు గళ్ళు కొత్తగా అనిపించవు. (వర్క్‌షాపుల్లో ‘భారతీయ తర్కం’ పేరుతో పెట్టే ఆ ఒక్క గంటలో మాత్రం నేను విన్నదెప్పుడూ న్యాయ దర్శనమే. దిఙ్నాగుడు హేతువిద్య గ్రంథాన్ని మన వేంగి దగ్గరి కొండ మీద రాశాడని హ్యూయెన్‌త్సాంగ్ నమోదు చేసిన సంగతి అక్కడ ఎవరూ ఎత్తరు.) రేషన్ కార్డు పోయిన ఇంటి పిల్ల ఆ క్లాసులో ఉంటే బెల్నాప్ పాఠం దగ్గర ఏ ఉదాహరణ ఇస్తుందో నేను ఊహించగలను.

చేయాలనుకుంటే ఈ విద్య కదులుతుంది. అసోసియేషన్ ఫర్ లాజిక్ ఇన్ ఇండియా నడిపే ఇండియన్ స్కూల్ ఆన్ లాజిక్ అండ్ ఇట్స్ అప్లికేషన్స్ 2010 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వచ్చింది. 2014లో అస్సాంలోని తేజ్‌పూర్ దాకా వెళ్ళింది. ఐఐటీల గేటు దాటి రావడం మంచి పనే. కానీ ఊరు మారినంత మాత్రాన సరిపోదు. ఆ హైదరాబాద్ క్యాంపస్‌లోనే ఆరేళ్ళ తర్వాత రోహిత్ వేముల తనకు ఏడు నెలల ఫెలోషిప్ రావాలని చివరి ఉత్తరంలో రాసిపెట్టి వెళ్ళిపోయాడు. ‘బిల్లు పెట్టండి, తర్వాత ఇస్తాం’ అనేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

నేనిప్పుడు అభన్‌పూర్‌లో అద్దెకుంటున్నాను. నవా రాయ్‌పూర్ విద్యాసంస్థలు ఇక్కడికి పక్కనే, 2025 మార్చి నుంచి మెము రైలు కూడా నడుస్తోంది. జిల్లా కాలేజీల ఎంసీఏ, ఎమ్మెస్సీ పిల్లల కోసం ఐదు రోజుల వర్క్‌షాప్ పెట్టాలని కొందరం స్కాలర్లం పూనుకున్నాం. మొదటి మీటింగ్‌లో ముప్పావుగంట భోజనంలో గుడ్డు ఉండాలా వద్దా అన్నదానికే పోయింది. (ఉంటుంది.) రికమెండేషన్ లెటర్ తీసేద్దామంటే ఒక సీనియర్ ‘మరి మెరిట్?’ అన్నాడు. ధమ్తరి పిల్లాడికి పేరున్న ప్రొఫెసర్ ఎక్కడ దొరుకుతాడు? ఆ లెటర్‌తో మనం కొలిచేది పరిచయాలనే. దాని బదులు ఒక పజిల్ ఇచ్చి, తేలకపోయినా సరే, ఎలా ఆలోచించారో హిందీలో గానీ తెలుగులో గానీ ఒక పేజీ రాయమన్నాం. ఫార్ములా ఎవరికీ మాతృభాష కాదు కదా.

అసలు చిక్కు టికెట్ల దగ్గర వచ్చింది. ప్రయాణం అయ్యాక, టికెట్ చూపిస్తేనే టీఏ ఇస్తామని అకౌంట్స్ సెక్షన్ అంటోంది. గెస్ట్ స్పీకర్ల విమాన టికెట్లు మాత్రం అదే ఆఫీసు ఏజెంట్ ద్వారా ముందే తీస్తుంది. అదే ఏజెంట్‌తో పిల్లలకు స్లీపర్ టికెట్లు తీయమని నోట్ పెట్టాం. రెండుసార్లు వెనక్కి వచ్చింది. మూడోసారి స్పీకర్ల టికెట్ల పాత నోట్ కాపీ జత చేసి పెట్టాం. సోమవారం మళ్ళీ వెళ్ళాలి.