ఆస్పత్రి తెరకు తెలుగు మాట, ఊరి సంఘానికి చోటు కోరుతూ వినతిపత్రం

గౌరవనీయులైన ముఖ్యమంత్రిగారికి,
ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం
(జిల్లా కలెక్టరుగారి ద్వారా)

సమర్పిస్తున్నవారు: కృష్ణా పశ్చిమ డెల్టా కాలువ గట్టు గ్రామాల గ్రంథాలయ పాఠకులు, డ్వాక్రా మహిళలు, విశ్రాంత ఉపాధ్యాయులు, తెలుగు అధ్యాపకులు

విషయం: గ్రామాలకు వస్తున్న డిజిటల్ వైద్య సేవలు పేదలకు అర్థమయ్యే తెలుగులో అందించడం, ఆ పనిలో పౌర సంఘాలకు, గ్రంథాలయాలకు, భాషా విభాగాలకు బాధ్యత అప్పగించడం గురించి.

ఆర్యా,

మా ఊళ్లలో ఇవాళ విలేజ్ క్లినిక్ ఉంది. అక్కడ బీపీ చూస్తారు, షుగర్ చూస్తారు. 2019లో మొదలైన ఈ-సంజీవని ద్వారా ఎక్కడో ఉన్న డాక్టరుగారు ట్యాబ్ తెర మీద కనిపించి మందులు రాస్తున్నారు. ఒకప్పుడు ఇదే పనికి రెండు బస్సులు మారి, కూలి పోగొట్టుకుని, సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్లం. అందుకని ఈ సేవలు వద్దనడానికి మేము రాలేదు. ఇవి మాకు పూర్తిగా దక్కాలని అడగడానికి వచ్చాం.

పోయిన వానాకాలంలో జరిగిన ఒక సంగతి తమకు చెప్పాలి. మాలో ఒకరు పక్కింటి పెద్దమ్మకు తోడుగా ఒక ఆరోగ్య కేంద్రానికి వెళ్లారు. పెద్దమ్మకు పదేళ్లుగా షుగర్ ఉంది. ఇప్పటికీ నాట్లకు వెళ్తుంది. తెర మీద డాక్టరుగారు మర్యాదగానే అడిగారు: "పాదాల్లో స్పర్శ తగ్గిందా అమ్మా?" ఆమె లేదంది. మూడు నిమిషాల్లో పని అయిపోయింది. బయట బల్ల మీద కూర్చున్నాక మా మనిషితో అంది: "అరికాళ్లు భగ్గుమంటున్నాయే. రాత్రిళ్లు దుప్పటి తగిలినా ఓర్చుకోలేను. మొన్న గట్టు మీద నడుస్తుంటే చెప్పు ఎక్కడ జారిపోయిందో తెలియలేదు, ఇంటికొచ్చి చూసుకుంటే ఒంటి చెప్పుతో ఉన్నాను." డాక్టరుగారు అడిగింది అదే. కాలి నుంచి చెప్పు జారినా తెలియకపోవడమే స్పర్శ తగ్గడం. ఆమెకు జబ్బు తెలుసు, ఆ మాట తెలియదు. మళ్లీ లోపలికి వెళ్లేసరికి తెర మీద వేరే రోగి వంతు వచ్చింది. రెండు వారాల తర్వాత ఆమె బొటనవేలి కింద పుండు కనబడింది. నొప్పి లేదు గనుక అంతవరకూ ఆమె చూసుకోలేదు.

ఇందులో డాక్టరుగారి తప్పు లేదు, నర్సమ్మ తప్పు లేదు, ట్యాబ్ కూడా బాగానే పనిచేసింది. డాక్టరుగారికీ పెద్దమ్మకూ మధ్య మాట అటూ ఇటూ మోసే మనిషి లేకపోవడమే లోపం. ఈ వినతిపత్రమంతా ఆ ఒక్క లోటు గురించే.

ఒకప్పుడు మా ప్రాంతంలో ఆ మనుషులు ఉండేవారు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. 1935లో పాతూరి నాగభూషణంగారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. పడవ రేవులో ఆగితే ఊరివాళ్లు పుస్తకాలు తీసుకునేవారు. అంతకుముందే, 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి కోసం వైద్యులైన ఆచంట లక్ష్మీపతిగారు తెలుగులో శాస్త్ర గ్రంథాలు రాశారు. కొత్త శాస్త్రం, దాన్ని తెలుగు చేసే భాష, ఇంటింటికీ చేర్చే సంఘం అప్పట్లో ఒకే పడవలో ప్రయాణించాయి.

చదువు, సంఘం, ఆరోగ్యం ముడిపడితే ఏం జరుగుతుందో ఈ రాష్ట్రం కళ్లారా చూసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత కేంద్రానికి వెళ్లి పాఠం చదువుకున్న ఆడవాళ్లే సారా దుకాణం ముందు నిలబడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ తల్లులకు అప్పుడు యాప్ లేదు. చదివి వినిపించినవారు ఉన్నారు, కూర్చుని మాట్లాడుకునే చోటు ఉంది.

ఇప్పుడు మా ఊళ్లలో చదువు, సంఘం, ఆరోగ్యం మూడూ విడిపోయాయి. చదువుకున్న పిల్లలు హైదరాబాదు, బెంగళూరు వెళ్లారు. సంఘం సమావేశం వాట్సాప్ గ్రూపులోకి మారింది. ఫోన్ లేనివాళ్లు, ఉన్నా చదవలేనివాళ్లు సంఘానికి బయటివాళ్లయ్యారు. గ్రంథాలయంలో పత్రికలు తగ్గాయి, తెరిచే వేళలు తగ్గాయి. కళాశాలల్లో తెలుగు, చరిత్ర చదివేవాళ్లను "దాంతో ఏం ఉద్యోగం వస్తుంది" అని అడిగి అడిగి ఆ తరగతి గదులే ఖాళీ చేశాం. సరిగ్గా ఈ సమయంలోనే ఆస్పత్రిలోకి యంత్రాలు వచ్చాయి. వాటిని అర్థం చేయించాల్సినవాళ్లు ఊళ్లో లేనప్పుడు వచ్చాయి.

విదేశాల్లో స్థిరపడ్డ మా ఊరి బిడ్డలు ఎంతో ప్రేమతో ఒక ఈసీజీ యంత్రం కొనిచ్చారు. రిబ్బను కత్తిరించిన రోజు ఊరంతా వెళ్లాం. కొన్ని నెలలకు కాగితం రోలు అయిపోయింది. రోలు ఎవరు కొనాలో ఎక్కడా రాసి లేదు. ఇవాళ ఆ యంత్రం మీద దుమ్ము పడకుండా పాత చీర కప్పి ఉంది. ఇచ్చినవారి మనసు, ఊరి అవసరం రెండూ నిజమే. ఆ రెంటినీ కలిపి పట్టుకునే సంఘం లేక యంత్రం చీర కింద ఉండిపోయింది.

ఈ పరిస్థితిని చక్కదిద్దడానికి ఈ కింది కోర్కెలను తమ ముందుంచుతున్నాం.

ఆస్పత్రిలో మాట

1. టెలిమెడిసిన్ సేవ అందే ప్రతి కేంద్రంలో రోగికి తోడుగా ఒక "మాటసాయం" మనిషిని నియమించాలి. డ్వాక్రా మహిళల నుంచి, ఊళ్లోని డిగ్రీ చదివిన యువతుల నుంచి ఎంపిక చేసి, శిక్షణ, గౌరవ వేతనం ఇవ్వాలి. డాక్టరు తెర మీదికి రాకముందు పది నిమిషాలు రోగి మాటలు రోగి మాటల్లోనే విని రాసిపెట్టడం, తర్వాత మందు ఎప్పుడు ఎలా వేసుకోవాలో తిరిగి చెప్పించుకోవడం ఆమె పని. రోగి రహస్యం కాపాడతానని ఆమె రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. రోగి తోడు వద్దంటే ఆమె బయటే ఉండాలి.

2. మందుల చీటీతో పాటు తెలుగులో ఒక కాగితం ఇవ్వాలి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి, తిండికి ముందా తర్వాతా, ఎన్ని రోజులు, ఏమైతే వెంటనే రావాలి అన్నవి పెద్ద అక్షరాల్లో ఉండాలి. చదవలేనివారి కోసం సూర్యుడు, చంద్రుడు, కంచం బొమ్మలు వేయాలి.

3. రోగి సమ్మతి తీసుకునేటప్పుడు దాన్ని తెలుగులో చదివి వినిపించాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 ప్రకారం సమ్మతి నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గాని చూసుకునే వీలు పౌరుడికి ఉండాలి. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. ఆ చట్టం పూర్తిగా అమలయ్యేదాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టాలి.

4. పద్నాలుగు అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు స్వచ్ఛందమని, అది లేకపోయినా వైద్యం ఆగదని ప్రతి కేంద్రం గోడ మీద రాయించాలి. మా ఊళ్లలో పెద్దవాళ్ల ఆధార్‌కు కలిపి ఉన్నది కొడుకు ఫోన్ నంబరు. కొడుకు బెంగళూరులో నైట్ డ్యూటీ చేసి పగలు నిద్రపోతుంటాడు. ఓటీపీ అతని ఫోనుకు వెళ్తుంది, గడువు తీరిపోతుంది, తల్లి ఇంటికి తిరిగి వస్తుంది. ఓటీపీ రాలేదన్న కారణంతో ఎవరినీ వెనక్కి పంపరాదని లిఖితపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి.

భాషా విభాగాలకు పని

5. జబ్బుల మాటలకు ప్రాంతాలవారీ పదకోశం తయారు చేయించాలి. దీనికి మన దగ్గరే దారి ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వెలువడ్డాయి. రైతు నాగలికి ఏ ఊళ్లో ఏ పేరుందో ఊరూరా తిరిగి రాసుకున్న రాష్ట్రం మనది. ఒంటి బాధకు కూడా ఆ గౌరవం దక్కాలి. తిమ్మిరి, గుంజు, సలుపు, పోటు, లాగుడు, మంట, నలత, నీరసం, ఆయాసం, దడ: వీటిలో ఏ రెండూ ఒకటి కావు, ఏ రెండు జిల్లాల్లో ఒకే రకంగానూ వాడరు. ఉత్తరాంధ్ర, కోస్తా, రాయలసీమల మాటలు, గిరిజన భాషల మాటలు కూడా విశ్వవిద్యాలయాల తెలుగు, భాషాశాస్త్ర విభాగాల విద్యార్థులతో సేకరింపజేయాలి. ఆ పదకోశాన్ని టెలిమెడిసిన్ డాక్టర్లందరి తెర మీద అందుబాటులో ఉంచాలి. "స్పర్శ తగ్గిందా" అన్న ప్రశ్న పక్కనే "చెప్పు జారినా తెలియడం లేదా" అన్న ప్రశ్న ఉండాలి.

6. 2019లో ఎంబీబీఎస్ పాఠ్య ప్రణాళిక మారినప్పుడు మొదట్లోనే ఒక నెల ఫౌండేషన్ కోర్సు పెట్టారు. అందులో స్థానిక భాష నేర్పడమూ ఒక భాగం. ప్రభుత్వ కళాశాలల్లో 15 శాతం ఎంబీబీఎస్ సీట్లు అఖిల భారత కోటావి గనుక తెలుగు రాని విద్యార్థులు ప్రతి ఏడూ వస్తారు. ఆ శిక్షణను మొక్కుబడిగా ముగించకుండా తెలుగు అధ్యాపకులతో చెప్పించాలి, ఇంటర్న్‌షిప్ దాకా కొనసాగించాలి. తెలుగు వచ్చిన విద్యార్థులకు కూడా మన కథలు, నవలలు చదివించాలి. డిచ్‌పల్లి కుష్ఠు ఆస్పత్రిలో పనిచేసిన నవలాకారులు కేశవరెడ్డిగారు, 'కాలాతీత వ్యక్తులు' రాసిన పి. శ్రీదేవిగారు ఇద్దరూ వైద్యులే. మనిషి మాట వినడం తెలిసిన వైద్యులు మన సాహిత్యంలో ఉన్నారు, వాళ్లను మన వైద్య విద్యార్థులకు పరిచయం చేయాలి.

యంత్రాల బాధ్యత

7. ప్రభుత్వం కొన్నదైనా, దాతలు ఇచ్చినదైనా ప్రతి యంత్రం పక్కన ఒక బోర్డు ఉండాలి. ఎప్పుడు వచ్చింది, ఎవరు నడపాలి, రోలు, స్ట్రిప్పులు ఏ పద్దు నుంచి కొనాలి, చెడిపోతే ఎవరికి ఫోన్ చేయాలి, ఎన్ని రోజుల్లో బాగుచేయాలి అన్నవి తెలుగులో రాయాలి. నడిపే మనిషి, మరమ్మతు ఒప్పందం లేకుండా దానంగా వచ్చిన యంత్రాన్ని స్వీకరించరాదు.

8. ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు ఒకే వివరం రిజిస్టరులోనూ యాప్‌లోనూ రెండుసార్లు ఎక్కించే పద్ధతి మానిపించాలి. ఆశా అక్క ఇంటికొస్తే తల ఎత్తి మా మొహం చూసే తీరిక ఆమెకు ఉండాలి.

9. కృత్రిమ మేధ సాయంతో ఎక్స్‌రే గాని, మరే పరీక్ష గాని చూసినప్పుడు ఆ సంగతి రోగికి చెప్పాలి. తుది నిర్ణయం కింద వైద్యుడి పేరు, సంతకం ఉండాలి.

సంఘాలకు చోటు, గ్రంథాలయాలకు ఊపిరి

10. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసిన సెస్సు జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో పూర్తిగా చేరాలి. ఏ ఊరి బకాయి ఎంతో మూడు నెలలకొకసారి ప్రకటించాలి.

11. ప్రతి శాఖా గ్రంథాలయంలో ఆరోగ్య పఠన మూల ఏర్పాటు చేయాలి. వారానికొక సాయంత్రం నర్సమ్మ గాని, ఆరోగ్య అధికారి గాని వచ్చి ఒక జబ్బు గురించి మాట్లాడాలి. ఫోన్‌లో వచ్చిన ఆరోగ్య వార్త నిజమో కాదో అడిగి తెలుసుకునే చోటు ఊరికి ఒకటి ఉండాలి.

12. ఆస్పత్రి అభివృద్ధి సంఘాల్లో, గ్రామ ఆరోగ్య పారిశుధ్య పోషకాహార కమిటీల్లో పాఠకుల సంఘం నుంచి ఒకరికి, డ్వాక్రా గ్రామ సమాఖ్య నుంచి ఇద్దరికి ఓటుతో కూడిన చోటు ఇవ్వాలి. ఈ గ్రామ కమిటీలకు జాతీయ ఆరోగ్య మిషన్ ఏటా 10,000 రూపాయల నిధి నిర్దేశించింది. దాని ఖర్చు, సమావేశ తీర్మానాలు గ్రామసభలో చదివి వినిపించాలి.

మా వంతు

అడగడంతో మా పని అయిపోయిందని మేము అనుకోవడం లేదు. ప్రతి శనివారం సాయంత్రం గ్రంథాలయంలో ఒక గంట చదివి వినిపించే బాధ్యత మా విశ్రాంత ఉపాధ్యాయులు తీసుకున్నారు. జబ్బు మాటల సేకరణకు మా తెలుగు అధ్యాపకులు, విద్యార్థులు జీతం ఆశించకుండా ఇల్లిల్లూ తిరుగుతారు. ఈసీజీ రోలు కోసం డ్వాక్రా సంఘాలు ఇప్పటికే చందా పోగుచేశాయి, కొనే అనుమతి ఇస్తే చాలు. నెలకొకసారి ఫోన్లు పక్కన పెట్టి రావిచెట్టు కింద ఎదురెదురుగా కూర్చుని సంఘం సమావేశం జరుపుకోవాలని తీర్మానించుకున్నాం.

ఈ వినతిపత్రం అందిన 30 రోజుల్లో జిల్లా వైద్య ఆరోగ్య, గ్రంథాలయ, పంచాయతీ అధికారులతో మాకు ఒక సంయుక్త సమావేశం ఏర్పాటు చేయవలసిందిగా, ఆరు నెలల్లో ఒక మండలంలోనైనా ఈ ఏర్పాట్లన్నీ అమలు చేసి చూడవలసిందిగా కోరుతున్నాం.

ఆ పెద్దమ్మ కాలు ఇప్పుడు మానుతోంది. మెత్తటి అడుగున్న, వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకుంటోంది. రోజూ రాత్రి మనవరాలు దీపం దగ్గర ఆమె అరికాళ్లు చూస్తోంది. చెప్పు జారిపోయిందన్న మాట ఆ రోజే డాక్టరుగారి చెవిన పడి ఉంటే ఆమెకు పుండు దాకా వచ్చేది కాదు. ఆమె ఆ మాట చెప్పింది. బయట బల్ల మీద చెప్పింది. ఆ బల్ల మీది మాటను లోపలి తెర దాకా చేర్చే ఏర్పాటు చేయించమని తమను చేతులెత్తి వేడుకుంటున్నాం.

ఇట్లు,
తమ విధేయులు,

గ్రంథాలయ పాఠకుల తరఫున
డ్వాక్రా మహిళల తరఫున
విశ్రాంత ఉపాధ్యాయుల తరఫున
తెలుగు అధ్యాపకులు, విద్యార్థుల తరఫున

(సంతకాలు, వేలిముద్రల పత్రాలు జతపరచడమైనది)

ప్రతులు: వైద్య ఆరోగ్య శాఖ, విద్యా శాఖ, పంచాయతీరాజ్ శాఖ, పురపాలక శాఖ మంత్రిగార్లకు, జిల్లా గ్రంథాలయ సంస్థ అధ్యక్షులవారికి, స్థానిక శాసనసభ్యులకు.